ఏ వలా ఏడాదంతా పట్టదు

కొల్లేరు చేప అంటే ఇప్పుడు దేశానికి తెలిసింది చెరువు చేప. కైకలూరు, ఆకివీడు, ఏలూరు చుట్టుపక్కల గట్లు పోసిన చెరువుల్లో మేత వేసి పెంచిన బొచ్చె, శీలావతి ఐసు పరిచిన పెట్టెల్లో లారీలెక్కి హౌరా దాకా, అస్సాం దాకా వెళ్తాయి. ఆ లారీల్లో గానీ, ఆ వ్యాపారపు లెక్కల్లో గానీ అసలు సరస్సు చేపకు చోటు లేదు. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, మట్టగిడస, బొమ్మిడాయి, గొరక, వాలుగ, జెల్ల, పరిగ లాంటివి రోడ్డు పక్కన తట్టల్లో, పల్లె సంతల్లో పొద్దెక్కేలోగా అమ్ముడైపోయే సరుకు. వీటిని పట్టే పద్ధతుల గురించి మాట్లాడేటప్పుడు మనకు రెండే ధోరణులు అలవాటయ్యాయి. పాతకాలపు ముచ్చటగా ఫొటో తీసుకుని మురిసిపోవడం ఒకటి, దిగుబడి లేని వెనకబాటుతనమని తీసిపారేయడం రెండోది. ఈ రెండింటికీ అసలు సంగతి పట్టదు. కొల్లేట్లో తరతరాలుగా పన్నెండు నెలలూ వేట సాగింది. అయితే పన్నెండు నెలలూ పనికొచ్చిన పనిముట్టు ఒక్కటీ లేదు. నీటి మట్టాన్ని బట్టి పనిముట్టు మారింది, పనిముట్టును బట్టి పడే చేప మారింది. వేటగాళ్ల నేర్పు, సరస్సుకు దక్కిన రక్షణ రెండూ ఈ మారడంలోనే ఉన్నాయి. ఆ వేటను ఇవాళ కాపాడుకోవాలన్నా, సంస్కరించాలన్నా ముందు ఈ ఒక్క విషయం అర్థం కావాలి.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ మిగిలిన సహజమైన పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మెట్ట ప్రాంతపు వాననీటిని తెచ్చి ఇందులో పోస్తాయి. రెండు డెల్టాల పొలాల మురుగు కాలువలూ ఇక్కడికే చేరతాయి. బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అది మెలికలు తిరుగుతూ సుమారు 60 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. రావడానికి ఇన్ని దారులు, పోవడానికి ఒక్క సన్నని దారి ఉండడంతో వానాకాలపు నీరు ఇక్కడే నిలిచి పక్కలకు పరుచుకుంటుంది. ఎంతగా పరుచుకుంటుందో కాంటూరు లెక్కలు చూస్తే తెలుస్తుంది. సముద్రమట్టానికి మూడడుగుల ఎత్తున సరస్సు విస్తీర్ణం 135 చదరపు కిలోమీటర్లు. అయిదడుగుల ఎత్తుకు అది 308, పదడుగులకు 901. అంటే నీరు ఏడడుగులు లేచేసరికి సరస్సు ఆరు రెట్లకు మించి పెరుగుతుంది. నేల అంత చదును. అందుకే కొల్లేటికి ఫలానా చోట ఒడ్డు ఉందని వేలు పెట్టి చూపించలేం. భాద్రపదంలో దోనె తిరిగిన చోట వైశాఖంలో పశువులు మేస్తాయి. ఒకప్పుడు నీరు తీసిన నేలలో వేసవి వరి కూడా పండించేవారు. ఇలాంటి చోట ఒకే రకం వలతో, ఒకే లోతులో, ఒకే చేప కోసం ఏడాదంతా వేటాడతామంటే కుదరదు. సరస్సే అందుకు ఒప్పుకోదు.

ఇక్కడ అరవైకి అటూ ఇటూగా చేప జాతులున్నట్టు చెబుతారు. వేట పద్ధతులు అర్థం కావాలంటే వాటిని పేర్ల వరసన కంటే వచ్చిన దారిని బట్టి మూడు గుంపులుగా చూడడం మేలు. మొదటి గుంపు వరదతో వచ్చేవి. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు పారే నీటి చేపలు. ఇవి నిలవ నీట్లో గుడ్లు పెట్టవు. వాన జోరుకు ఏరు పొంగి, గడ్డి మునిగిన చోట పెడతాయి. పిల్లలు ఆ నీటి వెంట సరస్సులోకి దిగి పెరుగుతాయి. రెండో గుంపు ఉప్పుటేటి దారిన వచ్చేవి. పండుగప్ప సముద్రపు మొగల్లో గుడ్లు పెడితే దాని పిల్లలు మంచినీటిని వెతుక్కుంటూ పైకి వస్తాయి. మలుగు పెరిగేది మంచినీట్లో, గుడ్లు పెట్టడానికి పోయేది సముద్రానికి. పెద్ద మంచినీటి రొయ్య కూడా పిల్లల కోసం ఉప్పునీటి దాకా దిగుతుంది, ఆ పిల్లలు మళ్లీ ఎగువకు పాకుతాయి. మూడో గుంపు ఎక్కడికీ పోని గడ్డి చేపలు. కొర్రమీను, మట్టగిడస, గొరక, మార్పు, ఇంగిలాయి ఈ గుంపులోవి. కిక్కిస పొదలు, తూడు, తామరలు కుళ్లిన నీట్లో ప్రాణవాయువు తగ్గిపోతే మిగతా చేపలు తేలిపోతాయి, ఇవి పైకొచ్చి గాలి గుక్క తీసుకుని మళ్లీ మునుగుతాయి. కొర్రమీను తలలో మొప్పలకు పైన గాలి నిలవ చేసుకునే గది ఉంటుంది. మార్పుకు అదే చోట కొమ్మలుగా చీలిన ప్రత్యేక అవయవం ఉంటుంది. ఇంగిలాయికి మొప్పల దగ్గర మొదలై వెన్ను పొడుగునా తోక వైపు సాగిన రెండు గాలితిత్తులుంటాయి. ఈ మూడు గుంపులూ ఒకే కాలంలో ఒకే చోట చేతికి దొరకవు. ఏ గుంపు ఎప్పుడు, ఏ దారిన కదులుతుందో తెలిసినవాడే కొల్లేట్లో వేటగాడు.

అన్ని కాలాల్లోనూ మారనిది ఒకటుంటే అది దోనె. పనిముట్టు అనడం కన్నా దాన్ని కాళ్ల కింది నేల అనాలి. ముదురు తాటి మొద్దును నిలువునా చీల్చి, లోపలి మెత్తటి పీచును తొలిచేస్తే దోనె తయారవుతుంది. మొదలు దగ్గర చెట్టు సహజంగా ఉబ్బి ఉంటుంది కనుక ఆ భాగం వెనక వైపు వస్తుంది, మనిషి బరువును అదే మోస్తుంది. అడుగున దూలం లేదు కాబట్టి జానెడు నీళ్లలోనూ, నాచు మీదుగానూ జారిపోతుంది. తెడ్డుతో పని తక్కువ, అడుగుకు గెడ తాటించి నెట్టుకుంటూ పోవడమే. సరుకు, మనుషులు ఎక్కువైతే రెండు దోనెల్ని జోడించి సంగడి కడతారు. ఈ దోనె మీద నిలబడి విసురు వల వేయడం వానాకాలపు పని. వల కొస తాడు ఎడమ మణికట్టుకు చుట్టుకుని, వలలో కొంత మోచేతి మీద వేసుకుని, సీసపు గుండ్లున్న అంచును కుడిచేత్తో పోగుచేసి, నడుము నుంచి ఒక్క తిప్పు తిప్పి వదిలితే గాలిలోనే గుండ్రంగా విచ్చుకోవాలి. గుండ్లన్నీ ఒకేసారి నీటిని తాకాలి. ఒక పక్క ముందు పడితే ఆ చప్పుడుకే చేప రెండో పక్క నుంచి జారుకుంటుంది. తిప్పు ఎక్కువైతే దోనె తిరగబడుతుంది. వరద నీరు బురదగా ఉండి చేపకు వల కనిపించని రోజుల్లోనే ఇది బాగా పనిచేస్తుంది. నీరు తేరుకున్నాక దీని ఫలితం పడిపోతుంది. వల వేసే మనిషి ఓపికకు మించి ఈ వేట సాగదు. ఇదీ దాని హద్దే.

ఆశ్వయుజం దాటి నీరు తీయడం మొదలయ్యాక విసురు వల పక్కకు తప్పుకుంటుంది, వలకట్లూ మావులూ రంగంలోకి వస్తాయి. కొల్లేటి వేటలో తెలివంతా మూటగట్టుకున్నది మావే. పొడుగాటి వెదురు పేళ్లను గుండ్రంగా అల్లి కట్టిన బుట్ట అది. ఒక కొస మూసి ఉంటుంది. రెండో కొసన పేళ్లు లోపలికి వాలి, చివరికి పోయేకొద్దీ దగ్గరవుతూ గరాటులా ముగుస్తాయి. బయటి నుంచి దూరే చేప ఒంటికి ఆ పేళ్లు వంగి దారి ఇస్తాయి. అది లోపలికి చేరగానే మళ్లీ దగ్గరకొస్తాయి. వెనక్కి తిరిగిన చేపకు ఎదురయ్యేది దారికి బదులు పేళ్ల మొనలు. మావును ఉట్టినే నీళ్లలో పెట్టరు. నీరు తీసే వాలుకు అడ్డంగా కర్రలు పాతి, తడకో వలో కట్టి (ఇదే వలకట్టు), మధ్యమధ్య వదిలిన సందుల్లో మావులు దించుతారు. పల్లానికి దిగే చేప తడకను తాకి, దాని వెంటే పోయి, తెరిపి కనిపించిన చోట దూరుతుంది. సాయంత్రం దించిన మావును తెల్లవారుజామున ఎత్తితే అందులో జెల్లలు, పరిగలు, బొమ్మిడాయిలు, రొయ్యలు కలగలిసి ఉంటాయి. అవన్నీ ప్రాణంతో ఉంటాయి. కనుక పనికిరాని చిన్నదాన్ని తిరిగి నీట్లో వదలవచ్చు. పేడుకూ పేడుకూ మధ్య సందు ఎంత ఉంచాలన్నది అల్లేవాడి చేతిలో ఉంది. వేలెడు పిల్ల ఆ సందులోంచి తనంతట తానే బయటపడుతుంది. ఇప్పుడు వెదురుకు బదులు ఇనుప చట్రానికి నైలాను వల బిగించిన మావులు వాడుకలోకి వచ్చాయి. పనిచేసే సూత్రం అదే, సందు మాత్రం చిన్నదైపోయింది. ఆ తేడా ఎంత చెరుపు చేస్తుందో ముందుముందు చూద్దాం.

చలికాలంలో నీరు నిలకడగా, తేటగా ఉంటుంది. చేప మందకొడిగా తిరుగుతుంది. అప్పుడు గాలాలకు, రాత్రిపూట నిలువుగా కట్టి ఉంచే వలలకు పని. గెడకో పాతిన కర్రకో కట్టిన గాలానికి చిన్న కప్పను గుచ్చితే కొర్రమీనుకు, ఎర్రను గుచ్చితే మార్పుకు, జెల్లకు. వాలుగ రాత్రి వేటాడే చేప కనుక దాని గాలం చీకటి పడ్డాకే పని మొదలుపెడుతుంది. గాలం ఒక్కో చేపను ఏరుకుంటుంది. ఎర ఏదో, గాలం ఎంతో, ఏ లోతున ఉందో, ఏ వేళ వేశారో, ఈ నాలుగూ కలిసి ఏ జాతి, ఏ సైజు పడాలో ముందే తేల్చేస్తాయి. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర నాటికి నీరు నడిమి పల్లాలకు చేరుకుంటుంది. అక్కడి నుంచి వేసవి వేట మొదలు. మోకాలి లోతు బురద నీట్లో విసురు వల అక్కరకు రాదు, మావుకు నీటి వాలు ఉండదు. ఇక ఊత బయటికి వస్తుంది. పైనా కిందా తెరిచి ఉండే వెదురు బుట్ట అది, కింది మూతి వెడల్పు, పై మూతి చెయ్యి పట్టేంత. నీటి కదలికను చూసి గభాలున అడుగుకు గుచ్చితే లోపల చిక్కిన చేప గోడలకు కొట్టుకుంటుంది. ఆ తాకిడి అరచేతికి తెలిశాక పై మూతిలోంచి చెయ్యి దించి పట్టుకోవాలి. ఆ చెయ్యి దించడంలోనూ చదువుంది. ఇంగిలాయి రెక్క ముల్లు గుచ్చుకుంటే గంటల తరబడి సలుపు, అందుకే తల వెనక నుంచి రెండు ముళ్లనూ వేళ్ల మధ్య ఇరికించి ఎత్తుతారు. నీరు పూర్తిగా ఇంకిపోయిన చోట బురద బొరియల్లో దాగిన మట్టగిడసల్ని చేత్తోనే తీస్తారు. ఈ పనికి పెట్టుబడి ఉండదు. ఆడవాళ్లు, పిల్లలు, దోనె లేని ఇంటివాళ్లు కూడా కూర సంపాదించుకునే కాలమిది.

ఇప్పుడు మొత్తం ఏడాదిని ఒక్కచోట పెట్టి చూద్దాం. వరదలో విసురు వలకు పారేనీటి చేప ఎక్కువగా పడుతుంది. నీరు తీసేటప్పుడు మావుకు పల్లానికి దిగే చిన్న చేప, రొయ్య చిక్కుతాయి. చలికాలపు గాలానికి వేటాడే చేప దొరుకుతుంది. వేసవి ఊతకు గాలి పీల్చే గడ్డి చేప మిగులుతుంది. కాలం మారినప్పుడల్లా వేట బరువు ఒక గుంపు మీంచి ఇంకో గుంపు మీదికి జరిగిపోతుంది. ఒత్తిడి తగ్గిన గుంపు ఆ మిగతా నెలల్లో తేరుకుంటుంది. వలకట్టు, మావు, గాలం చేప కదిలి వచ్చేదాకా కాచుకుని ఉంటాయి. చేప ఎక్కడుంటే అక్కడికి వెళ్లి తుడిచిపెట్టే శక్తి వాటికి లేదు. కిక్కిస పొదల్లో, తామరల అడుగున దాగిన తల్లిచేపలు ఎప్పుడూ కొన్ని మిగిలే ఉంటాయి. తిండి వైపు నుంచి చూసినా ఇదే మాట. నెలనెలా వేరే చేప పడుతుంది కనుక ఏ నెలా కూర లేకుండా పోదు. పరిగల వంటి చిన్న చేపల్ని ముల్లుతో సహా తింటారు, కనుక పెద్ద చేప ముక్క ఇవ్వలేని కాల్షియం వాటి నుంచి దక్కుతుంది. ఎక్కువైన రోజు ఎండబెట్టి దాచుకుంటారు. ఇవన్నీ ఎవరో కూర్చుని పథకం వేసి రాసిన నియమాలని నేననడం లేదు. నీరు విధించిన హద్దుల్లో బతకడానికి వడ్డి కులస్థులు, ఇతర లంక గ్రామాల జనం తరతరాలుగా చేసుకున్న సర్దుబాట్లు ఇవి. సర్దుబాటుగా పుట్టిందన్నంత మాత్రాన దాని విలువ తగ్గదు.

దీని మీద వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. సంప్రదాయం పేరుతో జరిగేదంతా సుద్దపూస వ్యవహారం కాదు కదా అంటారు. నిజమే. మృగశిర కార్తె వానలకు గుడ్లతో ఎదురెక్కే చేపను కాలువ మూతి దగ్గర కాపువేసి పట్టడం పాత అలవాటే. కొర్రమీను జంట తమ పిల్లల గుంపుకు కాపలా కాస్తుంటుంది. ఎర్రగా నీటి పైన తిరిగే ఆ పిల్లల గుంపును ఆనవాలుగా పెట్టుకుని తల్లిదండ్రుల్ని గాలానికి లాగేవాళ్లూ ఉన్నారు. కాపలా పోయిన పిల్లలు ఇతర చేపల పాలవుతాయి. ఇవి మానాల్సినవే, వెనకేసుకు రావాల్సిన పని లేదు. అయితే సరస్సును ఎక్కువగా దెబ్బతీసింది ఈ తప్పులేనా అన్నది ప్రశ్న. నూలు వలల కాలంలో ప్రతి వేట తర్వాతా వల ఆరబెట్టాలి, బెరళ్ల కషాయంలో నానబెట్టాలి, చిరిగితే అల్లుకోవాలి. వల పనికి పోయిన ఆ రోజులు చేపకు సెలవు దినాలుగా పనికొచ్చాయి. నైలాను, తంగూస వచ్చాక వల కుళ్లడం మానేసింది. రాత్రీ పగలూ నీట్లోనే ఉండిపోయింది. నీటిలో కనిపించదు కనుక తేట నీట్లోనూ పట్టింది. ధర తగ్గేసరికి కన్ను చిన్నదైంది, చివరికి దోమతెర గుడ్డ దాకా వచ్చింది. అంటే కాలాన్ని బట్టి మారాల్సిన పనిముట్టు స్థానంలో అన్ని కాలాలకూ పనికొచ్చే పనిముట్టు కూర్చుంది. ఆ అభ్యంతరం నా వాదనను పడగొట్టకపోగా ఇంకాస్త గట్టి చేస్తోంది. చెడింది సంప్రదాయం వదులుకున్న చోటే.

రెండో అభ్యంతరం, సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉన్నట్టే కొల్లేట్లోనూ పెడితే సరిపోదా అన్నది. మరబోట్లు ఒకే తీరున తిరిగే సముద్రానికి ఒకే సెలవు సరిపోవచ్చు. ఇక్కడ శీలావతి గుడ్లు పెట్టేది వరదలో, మలుగు కదిలేది సముద్రం వైపు, రొయ్య దిగేది ఉప్పునీటికి, తిలాపియా ఏడాదిలో ఎన్నోసార్లు పిల్లల్ని చేస్తుంది. ఏ రెండు నెలలు మూసినా కొన్ని జాతులకే మేలు జరుగుతుంది, ఆ రెండు నెలలూ కూటికి లేకుండా పోయేది మాత్రం అన్ని ఇళ్లూ. కొల్లేటికి కాలపు నిషేధం కన్నా చోటు నిషేధం, పనిముట్టు నిషేధం నప్పుతాయి. తొలి వరదలో ఏరుల మూతుల దగ్గర వేట ఆపాలి. నడిమి పల్లాల్లో వేసవిలో కొంత నీటిని ఎవరూ ముట్టకుండా వదలాలి. వల కన్నుకు ఒక హద్దు పెట్టి, దోమతెర వలలను, మందు కలపడాన్ని, కరెంటు పెట్టడాన్ని గట్టిగా ఆపాలి. విసురు వలనూ ఊతనూ వీటి సరసన చేర్చి నిషేధించడం దొంగను వదిలి కాపలావాణ్ణి పట్టుకోవడమే.

మూడోది అన్నిటికన్నా పెద్దది, డబ్బు మాట. చెరువులో ఎకరానికి పండే చేపతో పోలిస్తే సరస్సు వేట ఏపాటి అంటారు. దిగుబడి తేడా నిజం, దాచేది కాదు. 1957లో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి హార్మోను ఇంజెక్షనుతో పారేనీటి చేపల చేత గుడ్లు పెట్టించగలిగారు. అప్పటి నుంచి బొచ్చెకు, శీలావతికి వరద కోసం చూడాల్సిన పని తప్పింది, పిల్ల ఎక్కడ కావాలంటే అక్కడ దొరికింది. 1970ల్లో ప్రభుత్వమే కొల్లేట్లో మత్స్యకార సహకార సంఘాల పేర చెరువులు తవ్వించింది. ఆ తర్వాత పెట్టుబడిదారులు వచ్చారు. ఇవాళ ఆంధ్రప్రదేశ్ దేశంలో చేపల ఉత్పత్తికి ముందు వరసలో ఉండడం వెనక ఈ కథంతా ఉంది. చెరువుల మీద నాకు కోపం లేదు, చెరువు ఉండాల్సిన చోటు మీదే పేచీ. సరస్సు పరుచుకునే నేలలో గట్టు వేసిన ప్రతి చెరువూ వరదకు ఆ మేరకు చోటు లేకుండా చేస్తుంది. ఆరు రెట్లు పెరగడమే కొల్లేటి గుణమైతే ఆ గుణాన్నే గట్లు మింగేశాయి. పరుచుకోని నీట్లో కొత్త గడ్డి మునగదు, చేప పిల్లకు మేతా దాపూ దొరకవు, తీయడానికి వాలు ఉండదు, వాలు లేని చోట మావుకు పని ఉండదు. 1999లో అయిదో కాంటూరు (అయిదడుగుల ఎత్తు) దాకా అభయారణ్యంగా ప్రకటించారు, సంప్రదాయ పద్ధతుల్లో వేటకు అందులో వెసులుబాటు ఇచ్చారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట గట్లు కొట్టారు. కొట్టిన చోట మళ్లీ గట్లు లేచాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరంతా దిగిరావాల్సింది కొల్లేట్లోకే. దిగువన నీరు పరుచుకోవడానికి చోటు ఇరుకైతే ఎగువన ఎవరు మునుగుతారో అప్పుడు లెక్కలతో పని లేకుండానే అర్థమైంది. చెరువు లాభాన్ని ఎకరాల్లో లెక్కేసేవాళ్లు ఈ ఖర్చును కూడా అదే పుస్తకంలో రాయాలి.

నాలుగో అభ్యంతరాన్ని లంక గ్రామాల కుర్రాళ్లే వేస్తారు. తెల్లవారుజామున చలిలో మావు ఎత్తే బతుకు మా పిల్లలకు ఎందుకు, దాన్ని పొగిడే మీరు వచ్చి పడతారా అని అడిగితే జవాబు చెప్పడం తేలిక కాదు. దోనె మీద నిలబడ్డ మనిషి పేదరికాన్ని అందంగా చూపించి ఊరుకునే రాతలకు ఈ కోపం న్యాయమే. కానీ ఆ పేదరికం పద్ధతి వల్ల వచ్చిందా, పద్ధతికి నీరు లేకుండా చేయడం వల్ల వచ్చిందా అన్నది విడదీసి చూడాలి. మార్పు, కొర్రమీను, బొమ్మిడాయి చెరువు చేప కన్నా ఎక్కువ ధర పలికే చేపలు. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప కూడా. జెల్లల పులుసుకూ బొమ్మిడాయిల పులుసుకూ పేరున్న ఊళ్లు గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఎన్నో. కొనేవాళ్లు ఉన్నారు, సరుకే తగ్గిపోయింది. గుర్రపుడెక్క కాలువల్ని కమ్మేయడం, పొలాల మందులూ ఊళ్ల మురుగూ కలవడం, ఎక్కడి నుంచో వచ్చి నాటు చేప మేతను లాక్కుంటూ వలల్ని చింపే సక్కర్ చేప పెరగడం, వీటిలో ఒక్కటీ వేటగాడు చేసింది కాదు. కూలి గిట్టని పని ఎవరూ చేయరు. గిట్టేలా చేస్తే చేసేవాళ్లు ఉంటారు.

అలా చేయడం సాధ్యమేనా అనే సందేహానికి జపాన్‌లోని బీవా సరస్సు కొంత జవాబు ఇస్తుంది. అక్కడ ఎరి అనే పాత పద్ధతి ఉంది. నీట్లో కర్రలు పాతి, బాణం ఆకారంలో వల కంచె కట్టి, ఒడ్డు వెంట తిరిగే చేపను ఒక గది నుంచి ఇంకో గదిలోకి మళ్లించి చివరి గదిలో పట్టుకుంటారు. లోతులోనూ వాతావరణంలోనూ బీవాకూ కొల్లేటికీ పోలిక లేదు, కానీ ఎరి నడిచే సూత్రం మన వలకట్టుదే. చేప తనంతట తాను రావాలి, ఎక్కువైనది ప్రాణంతో వదలవచ్చు. బీవా కూడా మురుగును, బయటి నుంచి వచ్చిన నల్ల బాస్, బ్లూగిల్ చేపలను ఎదుర్కొంటోంది. అయినా అక్కడి షిగా ప్రాంతంలో అడవి, పొలం, సరస్సు కలిసి నడిచే ఆ వేట, సాగు విధానాన్ని 2022లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అక్కడ ఎరిని ప్రదర్శనశాలలో పెట్టి ఊరుకోలేదు, దానితో బతుకుతున్నారు. మనం వలకట్టును ఫొటోలో మెచ్చుకుంటూ, వాస్తవంలో దాని కింది నేలను తవ్వేస్తున్నాం.

ఇప్పుడు నిర్ణయాలు తీసుకోవాల్సిన సమయంలో ఈ వాదన ఎలా పనికొస్తుందో చూపడానికి ఒక్క ఉదాహరణ చాలు. వేసవిలో సముద్రపు పోటుకు ఉప్పునీరు పైకి ఎగదన్నకుండా, కొల్లేట్లో మంచినీరు నిలిచేలా ఉప్పుటేటి మీద రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా ఉంది. ఉప్పు ఆపడం మంచిదే. కానీ ఆ తలుపులు చేపకు దారి వదలకుండా మూసుకుంటే పండుగప్ప పిల్ల పైకి రాదు, మలుగు కిందికి పోదు, రొయ్య గుడ్లు ఉప్పునీటిని చేరవు. ఏడాదంతా ఒకే మట్టాన నీరు నిలిపితే సరస్సు నిండుగా కనిపిస్తుంది కానీ పెద్ద చెరువై కూర్చుంటుంది. మావుకు నీరు తీయాలి, ఊతకు నీరు తగ్గాలి. కాబట్టి కట్టేవాళ్లు చేప దారులతో సహా కట్టాలి, తలుపులు ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో తేల్చే కమిటీలో లంక గ్రామాల వేటగాళ్లకు చోటివ్వాలి. వరద ఏ పక్క నుంచి ఎక్కి ఏ పక్కకు తీస్తుందో వాళ్లకు తెలిసినంత దగ్గరగా ఇంకెవరికీ తెలియదు. అయిదో కాంటూరు లోపల గట్లు తీసేయాలి, వాటి మీద ఆధారపడ్డ చిన్న కుటుంబాలకు మరో బతుకుదెరువు చూపించాకే తీయాలి. ఇక చేప తినే మనవైపు నుంచి చేయగలిగింది చిన్నదే అయినా ఉంది. చిన్న కన్ను వలలో పడిన వేలెడు కొర్రమీను పిల్లల్ని, తొలి వానల్లో గుడ్లతో వచ్చిన వాలుగను కొనకండి. బజారులో అడిగేవాళ్లు లేకపోతే ఆ వలలకు పని ఉండదు.